మా ఆయన ఆడిటర్ గారి ఆఫీసులో పని. పెళ్ళై తొమ్మిది నెలలైంది, మనిషి ఇంకా అర్థం కాలేదు

మండపేట అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. మాది మండపేట. పోయిన వైశాఖంలో భీమవరం కోడలినయ్యాను. మా ఆయన అక్కడ ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదకొండేళ్ళుగా పని చేస్తున్నారు. సీఏ కాదండి. బీకాం చదివి, టాలీ (కంప్యూటరులో లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు) నేర్చుకుని చేరారు. పెళ్ళిచూపులప్పుడు "అబ్బాయి ఆడిటింగ్‌లో ఉన్నాడు" అన్నారు, మా నాన్న తలూపారు. అంటే ఏం చేస్తాడని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతుంటే జవాబు రావట్లేదు.

"ఇవాళ ఆఫీసులో ఏం చేశారు?" అంటే "ఏముంది, మామూలే" అంటారు. మామూలైతే రాత్రి పదింటికి ఎందుకు వస్తారండి? ఆషాఢం పుట్టింట్లో ఉన్నాను కాబట్టి జూలైలో తెలీలేదు. శ్రావణంలో వచ్చాక చూశాను. సెప్టెంబరు వచ్చేసరికి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవారు. 16 అన్నారు, 20 అన్నారు, 22 అన్నారు, 30 అన్నారు. దసరాకి మా ఊరు వెళ్దామంటే "30 దాటనీ" అన్నారు. తీరా చూస్తే ఆ 30 గడువుని నెల రోజులు పొడిగించారట. నాకు సంతోషం వేసింది. ఈయన మొహం మాడ్చుకున్నారు. గడువు పెంచితే ఏడ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇంట్లో ఎలా ఉంటారంటే, ఫోనే. "ఓటీపీ వచ్చిందాండి? కాదండి, అది బ్యాంకుది. ఇంకోటి వస్తుంది, ఆరు అంకెలు" అని అన్నం ముందు కూర్చుని అంటారు. బ్యాగులో చిన్న చిన్న పెన్‌డ్రైవుల్లాంటివి ఓ పాతిక ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ అంటించి. కాపురానికి వచ్చిన కొత్తలో అవి చూసి హడలిపోయాను. డిజిటల్ సంతకాలట. ఊరందరి సంతకాలు మా ఇంట్లో దండేనికి వేలాడుతున్నాయన్నమాట. అదే మనిషి మా ఇంటి లెక్క మాత్రం ఒక్క ముక్క రాయరు. పాలవాడికి ఎంతిచ్చామో నేనే క్యాలెండరు మీద రాసుకోవాలి.

ఇదంతా సర్దుకుపోవచ్చండి. అసలు సంగతి సంక్రాంతికి జరిగింది. కొత్త అల్లుడు, మొదటి పండగ. భోగి ముందురోజు సాయంత్రం వచ్చారు, లాప్‌టాప్‌తో. ఇంటినిండా అరిసెల వాసన, వీధిలో పిల్లలు భోగి మంటకి దుంగలు లాగుతున్నారు, ఈయనేమో మా మేడ మీద గదిలో తలుపు వేసుకుని "13 అండీ ఇవాళ, రాత్రి పన్నెండు దాకా టైముంది" అని ఎవరితోనో. సరే, అదీ పోనివ్వండి. కనుమ నాడు మా పిన్ని వడ్డిస్తూ అడిగింది. మా పిన్ని కూతురికి ఆకివీడు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళు. వాళ్ళ లెక్కలు మా ఆయన ఆఫీసులోనే చూస్తారని ఎవరో చెప్పారు. "అల్లుడుగారూ, వాళ్ళకి అప్పులేమన్నా ఉన్నాయా? మనలో మాట" అంది. ఈయన గారె తుంచుతూ, తలెత్తకుండా "నాకు తెలీదండి" అన్నారు.

అంతే. ఇంకో మాట లేదు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వంటింట్లోకి వచ్చి "తెలీకేం, మనం పరాయివాళ్ళం కదా" అని కళ్ళు తుడుచుకుంది. నేను రాత్రి అడిగితే "తెలీదన్నాను కదా" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన అబద్ధం ఆడుతున్నారని నాకు తెలుసు. ఆడుతున్నట్టు నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఈ పనిలో ఉన్నవాళ్ళంతా ఇంతేనా? ఆఫీసులో వీళ్ళు అసలు ఏం చేస్తారు? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఆయన్ని మార్చాలని కాదు, మనిషి తెలియాలని.

పాతచిట్టా, పాలకొల్లు:

అమ్మా, నేను పాలకొల్లులో ఒక ఆడిటర్ గారి దగ్గర 2003లో నెలకి 1,500 జీతం మీద చేరాను. ఇంకా అక్కడే ఉన్నాను. మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించాను. "ఇరవై ఏళ్ళ క్రితం ఈ సదుపాయం ఉంటే నేనే రాసేదాన్ని" అంది. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

ముందు "ఆడిటింగ్" అన్న మాట పక్కన పెట్టండి. చూసి సంతకం పెట్టేది ఆడిటర్ గారు. ఆ సంతకం దాకా బండి లాక్కొచ్చేది మీ ఆయన. ఊళ్ళో కొందరు మమ్మల్ని గుమస్తా అంటారు, కొందరు అకౌంటెంటు గారు అంటారు. 19వ తారీఖు రాత్రి అయితే "బాబ్బాబు" అంటారు.

మా దగ్గరికి లెక్కలు రావు, కాగితాలు వస్తాయి. బట్టల కొట్టు సంచుల్లో, స్వీటు డబ్బాల్లో వస్తాయి. కొబ్బరి వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన ఏడాది కాగితాలూ గోతంలో వేసి తెచ్చేవారు. గోతం విప్పితే ముందు పీచు రాలేది. వానాకాలంలో తెస్తే చీటీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండేవి. ఫ్యాను ఆపేసి, బొటనవేలు తడి చేసుకుని, ఒక్కొక్కటే విడదీసి బల్ల మీద పరిచేవాళ్ళం. దింపు కూలి, ఒలుపు కూలి, లారీ కిరాయి. శుభలేఖ వెనక రాసినవి, మందుల చీటీ వెనక రాసినవి. ఒకసారి ఒక చీటీ మీద "పెద్దాయనకి 3,000" అని ఉంది. అంతే, తారీఖు కూడా లేదు. పెద్దాయన అంటే వాళ్ళ నాన్నగారైతే అది సొంత వాడకం, ఖర్చులోకి రాదు. కూలీల మేస్త్రీ అయితే కూలి. గుడి పూజారి అయితే ఇంకోటి. ఫోన్ చేశాను. "ఏ పెద్దాయనండీ?" అని ఆయనే నన్ను అడిగారు. సాయంత్రానికి గుర్తొచ్చింది, తోట కాపలా తాత. ఇలాంటివి ఒక్కో గోతంలో నలభై ఉంటాయి. మీ ఆయన "మామూలే" అన్నది దీన్నే. ఇది మీకు చెప్పడానికి ఆయనకి ఎలా మొదలెట్టాలో తెలీదు, అంతే.

నేను చేరినప్పుడు అమ్మకం పన్ను ఉండేది. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది. అది చేతికి అలవాటయ్యాక 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వచ్చినప్పుడల్లా మేం మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చున్నాం. ఇప్పుడు మీ ఆయన నెల ఎలా నడుస్తుందంటే, 11కి అమ్మకాల రిటర్ను వేయాలి. మూణ్ణెల్లకోసారి వేసే చిన్న వ్యాపారులకి 13. మీ భోగి ముందురోజు తలుపు వెనక జరిగింది అదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అమ్మకాలు. 14న టూబీ అని ఒకటి వస్తుంది. మన క్లయింటు సరుకు కొన్నాడు, పన్ను కట్టాడు. అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపిస్తేనే అది టూబీలో కనబడుతుంది. కనబడకపోతే మనవాడికి ఆ పన్ను జమ రాదు. అప్పుడు అమ్మినవాడి అకౌంటెంటుకి ఫోన్ చేయాలి. అతనూ మీ ఆయన లాంటివాడే, ఇంకో ఊళ్ళో, ఇంకో ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఉంటాడు. 20కి ఆ నెల పన్ను కట్టి, త్రీబీ అనే ఇంకో రిటర్ను వేయాలి. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు. డబ్బు చిన్నదే కానీ, క్లయింటు ఆ 50 గురించి ఊరంతా చెప్తాడు.

మీరు చెప్పిన సెప్టెంబరు సంగతి. 2025 సెప్టెంబరు మా అందరికీ గుర్తుండిపోతుంది. ఐటీ రిటర్నులకి జూలై 31 ఉండాల్సిన గడువు సెప్టెంబరు 15కి జరిగి, చివరికి 16 అయ్యింది. 20 త్రీబీ. 22న, నవరాత్రులు మొదలైన రోజునే, జీఎస్టీ రేట్లు మారాయి. ప్రతి కొట్టు టాలీలోనూ సరుకు సరుకుకీ రేటు మార్చాలి. 30న ట్యాక్స్ ఆడిట్ గడువు, అంటే ఆడిటర్ గారు లెక్కలు సరిచూసి రిపోర్టు ఇవ్వాల్సిన రోజు. అది అక్టోబరు 31 అన్నారు, తరవాత నవంబరు 10 అన్నారు. మీ ఆయన మొహం ఎందుకు మాడిందో తెలుసా? "25కల్లా పట్టుకొచ్చేస్తానండి" అన్నవాళ్ళు గడువు పెరిగిందని తెలిసిన క్షణం నుంచి రావడం మానేస్తారు. పని అంతే ఉంటుంది, దాన్ని నెత్తిన మోసే రోజులు పెరుగుతాయి.

ట్యాక్స్ ఆడిట్ అంటే ఊరికే కూడికలు కాదు. రైసు మిల్లు లెక్క తీసుకోండి. వంద కేజీల ధాన్యం ఆడిస్తే పచ్చి బియ్యం 67 కేజీలు రావాలని సర్కారు ధాన్యానికి పెట్టిన లెక్క. తక్కినది తవుడు, నూక, ఊక. పుస్తకంలో 61 వచ్చిందనుకోండి, ఆ ఆరు కేజీలు ఏమయ్యాయని అడగాల్సింది మేము. ఎంత ధాన్యం వచ్చింది, ఎంత బియ్యం దిగింది అని ఆడిట్ ఫారంలోనే రాయాలి. అడిగితే మిల్లు ఓనరు గారికి కోపం. అడక్కపోతే మా ఆడిటర్ గారికి కోపం. ఇంకోటి, రొక్కం మైనస్. పుస్తకం ప్రకారం గల్లాపెట్టెలో 8 వేలే ఉన్న రోజున 30 వేలు ఇచ్చినట్టు చీటీ ఉంటుంది. లేని డబ్బు ఎలా ఇచ్చారు? ఎక్కడో ఒక అమ్మకం రాయలేదు, లేదా ఒక అప్పు రాయలేదు. అది పట్టుకునే దాకా ఆ రాత్రి మాకు అన్నం సయించదు.

ఇక మీ పిన్నిగారి సంగతి. దీనికోసమే ఇంత రాస్తున్నాను.

మేము ఊళ్ళో అందరి జేబుల్లోకీ తొంగి చూసినవాళ్ళం. పెళ్ళికి వెళ్తాం. పక్క కుర్చీలో ఆయన "ఈ ఏడు రొయ్యల చెరువు పోయిందండీ, తెల్ల మచ్చ తెగులు" అంటాడు. పోయిందో, ఎంత పోయిందో, పోలేదో నాకు తెలుసు. "అయ్యో" అంటాను. ఇంకొకాయన కారు కొని కొబ్బరికాయ కొడతాడు. ఆ కారు అప్పు ఎన్ని వాయిదాలు బాకీ ఉందో నాకు తెలుసు. తాంబూలం తీసుకుని వచ్చేస్తాను. క్లయింటు సంగతి బయటపెట్టడం ఆడిటర్ గారికి 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారమే తప్పు. మేం ఆయన చేతికింద వాళ్ళం.

కొత్తలో నేను తెలివిగా ఉండేవాణ్ణి. మంచి మాట చెప్పడంలో తప్పేముంది అనుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే, వాళ్ళు బాగా ఉన్నవాళ్ళైతే "ఫరవాలేదండి, గట్టివాళ్ళే" అనేవాణ్ణి. బాగాలేనివాళ్ళైతే "నన్ను అడక్కండి" అనేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి జనం కనిపెట్టేశారు. నేను "అడక్కండి" అన్నానంటే వాళ్ళు మునిగారని అర్థం. నోరు మూసుకున్నాననుకున్నాను గానీ, చాటింపు వేస్తున్నాను. అప్పటి నుంచి ఒకటే మాట, ఉన్నవాడికైనా లేనివాడికైనా. తెలీదండి.

మా అక్క మొగుడు, మా బావగారు, ఒక కొబ్బరి వ్యాపారికి 4 లక్షలు వడ్డీకి ఇవ్వబోతూ నన్ను కాలవ గట్టు మీద ఆపి అడిగారు. ఆ వ్యాపారి పుస్తకాలు రాసేది నేనే. బ్యాంకు లిమిటు మొత్తం వాడేసి ఉంది, ఇవ్వాల్సినవాళ్ళ జాబితా రెండు పేజీలు. "నాకు తెలీదు బావగారూ" అన్నాను. ఇచ్చేశారు. అసలు రావడానికి ఐదేళ్ళు పట్టింది, వడ్డీ రాలేదు. మా అక్క రెండేళ్ళు రాఖీ కట్టలేదు. ఇప్పటికీ ఆవకాయ జాడీ పంపిస్తూ "తెలీదు గారికి ఇవ్వు" అని పంపిస్తుంది. నేను చేసింది ఒప్పని మీతో వాదించను. మా అక్కతోనూ వాదించలేదు.

కాబట్టి మీ పిన్నిగారికి ఒక్కటి చెప్పండి. ఆ "తెలీదు"లో మంచీ లేదు, చెడూ లేదు. దాన్నుంచి ఏమీ పిండుకోవద్దు. సంబంధం చూసుకోడానికి వేరే దారులున్నాయి. పొలాల సంగతి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల కాగితం) తీయిస్తే తాకట్టు తెలుస్తుంది.

ఆయనతో మాట కలపాలంటే మనుషుల గురించి అడక్కండి, సరుకు గురించి అడగండి. మీ వంటింట్లో బియ్యం సంచి చూడండి, 26 కేజీలు అని ఉంటుంది. 26 ఏమిటని అడగండి. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యానికి 25 కేజీల వరకు 5 శాతం పన్ను వచ్చింది. ఆ ఇంకో కేజీ అలా పుట్టింది. ఏ ఆఫీసు బల్ల దగ్గర పుట్టిందో చెప్పను.

సిమెంటు కొట్టు, గణపవరం:

పాతచిట్టా గారూ, 19 రాత్రి "బాబ్బాబు" అనేది నేనేనండి. సిగ్గుపడుతున్నాను.

చెల్లెమ్మా, నేను అవతలి పక్క నుంచి చెప్తాను. మా లెక్కలు చూసే కుర్రాడు, కుర్రాడంటే నలభై ఏళ్ళుంటాయి, మార్చి 31 సాయంత్రం కొట్టుకి వస్తాడు. స్టాకు లెక్క. గోడౌన్‌లో వెలుతురుండదు. ఫోన్ లైటు పెట్టుకుని, సిమెంటు బస్తాల వరసలు వేలితో పొడుస్తూ లెక్కపెడతాడు. జుట్టు తెల్లబడిపోతుంది దుమ్ముకి. పైన కనబడే వరస లెక్కపెట్టి కింద వరసలతో గుణించేయొచ్చు కదా అన్నాను ఓసారి. "మధ్యలో గుంట ఉంటేనండీ?" అని బస్తాల మీదకెక్కి చూశాడు. నిజంగానే గుంట ఉంది. పిల్లి పిల్లల్ని పెట్టింది.

సెప్టెంబరు 22న సిమెంటు 28 నుంచి 18కి దిగింది. ముందు రోజు ఆదివారం. నా దగ్గర 28 కట్టి తెచ్చిన 600 బస్తాలున్నాయి. రాత్రి పదకొండింటికి టెన్షన్‌తో ఫోన్ చేశాను, పది శాతం మునిగిపోయాననుకుని. నిద్రమత్తులో ఎత్తి, "కట్టిన 28 మీకు జమ ఉంటుందండి, రేపు 18 వేసి అమ్మండి, పడుకోండి" అన్నాడు. పడుకున్నాను. అటుపక్క ఇంట్లో ఒక ఆవిడ ఉంటుందని, ఆవిడ నిద్ర కూడా లేపానని ఇవాళ మీ ప్రశ్న చదివేదాకా తట్టలేదు.

ఇంకో మాట. మా కుర్రాడు వేరే కొట్టువాళ్ళ సంగతి నా దగ్గర ఒక్క ముక్క అనడు. ఎన్నిసార్లు కెలికానో. అందుకే నా సంగతి కూడా వాళ్ళ దగ్గర అనడని ధైర్యం. లేకపోతే కాగితాలు సంచితో సహా ఎవరిస్తారండి?

అమలాపురం అక్క:

చెల్లీ, మా ఆయనదీ ఆడిటర్ ఆఫీసు పనే. ఆయనతో కాపురంలో నాకు పధ్నాలుగేళ్ళ సర్వీసు. పైవాళ్ళు చట్టాలు చెప్పారు, నేను కాపురం చెప్తాను.

క్యాలెండరు తీసుకో. 7, 11, 13, 15, 20, 22 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టు. 7 టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను కట్టే రోజు), 15 పీఎఫ్, తక్కినవి జీఎస్టీ. ఆ రోజుల్లో గ్యాసు బండ అయిపోయిందని కూడా చెప్పకు. నీకేమన్నా అడగాలనుంటే 23 తరవాత అడుగు. 1 నుంచి 5 దాకా కూడా మంచిదే. మా పెద్దాడు పుట్టింది సెప్టెంబరు 29న. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఈయన ఎవరికో డిప్రిసియేషన్ చెప్తున్నారు. నర్సు ఫోన్ లాక్కుంది. ఆ నర్సుకి ఇప్పటికీ నా దణ్ణాలు.

సెప్టెంబరులో క్యారేజీలో పులుసు కూరలు పెట్టకు. వాళ్ళు ఎడం చేత్తో మౌసు పట్టుకుని తింటారు, కాగితాల మీద పడుతుంది. పెరుగన్నం కలిపేసి పెట్టు. ఎవరిదో బిల్లు మీద గోంగూర మరక పడిందని మా ఆయన రెండు రోజులు బాధపడ్డారు.

ఇంట్లో లెక్కలు రాయరా? నా దగ్గరా అంతే. పొద్దస్తమానం మిఠాయి చేసేవాడికి మిఠాయి వెగటు కదా, అలా అనుకున్నాను. కానీ హోటలుకి తీసుకెళ్ళి చూడు. బిల్లు రాగానే అద్దాలు పెట్టుకుంటారు. రావులపాలెంలో ఒక టిఫిన్ హోటల్లో బిల్లులో జీఎస్టీ అని 11 రూపాయలు వేశాడు. గోడ మీద కాంపోజిషన్ అని బోర్డుంది. అది చిన్న వ్యాపారులకి పెట్టిన సులువు పద్ధతి, అందులో ఉన్నవాడు కస్టమరు దగ్గర పన్ను వసూలు చేయకూడదట. లేచి వెళ్ళి, కోప్పడకుండా, మెల్లిగా, పదినిమిషాలు పాఠం చెప్పారు. పిల్లలు సిగ్గుతో బల్ల కిందకి దూరారు. వాడు 11 రూపాయలు వెనక్కిచ్చి, ఆయన్నే నెంబరు అడిగి, ఇప్పుడు క్లయింటయ్యాడు. ఇంకో సంచి.

పిన్నిగారి గురించి దిగులు పడకు. మా అత్తయ్యగారు కూడా మొదట్లో అడిగేవారు. ఇప్పుడు ఆవిడే ఎవరైనా అడిగితే "వాడికేం తెలుసు, కూడికలు తప్ప" అని తిప్పి పంపించేస్తారు. కొడుకుని కాపాడ్డానికి అంతకంటే మంచి మాట లేదు.

తణుకు నుంచి:

నేనూ ఆడిటర్ గారి ఆఫీసులోనే పని చేస్తాను. తొమ్మిదేళ్ళు. పైనంతా చదివాను, బాగుంది. ఒక్క సందేహం. సెప్టెంబరు 30 రాత్రి నేను పదింటికి ఇంటికెళ్తే పెరుగన్నం కలిపి ఎవరు పెడతారండి? క్యాలెండరు మీద సున్నాలు ఎవరు చుడతారు? మా ఆయనకి నేనే ఓ కాగితం రాసి ఇవ్వాలేమో. మా ఆఫీసులో ఆరుగురిలో నలుగురం ఆడవాళ్ళమే.

గొడవకి కాదు, గుర్తు చేద్దామని. మండపేట చెల్లీ, ఒకసారి ఆఫీసుకి వెళ్ళి చూడు. నీకు చెప్పలేని మనిషి అక్కడ కనబడతాడు.

పాతచిట్టా, పాలకొల్లు:

తణుకు అమ్మాయి గారూ, మా ఆవిడ మీ పోస్టు చదివి నాకేసి చూసి ఫోను నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. సమాధానం నా దగ్గర కూడా లేదు.

మండపేట అమ్మాయి:

అందరికీ థాంక్సండి. పది రోజులకి రాస్తున్నాను. తణుకు అక్క చెప్పినట్టు 20వ తారీఖున క్యారేజీ వంకతో ఆఫీసుకెళ్ళాను. మేడ మీద, మెట్ల పక్కన చెప్పులు ముప్ఫై జతలు. లోపల ఫైళ్ళు గోడెత్తు, మధ్యలో ఈయన. బల్ల మీద ఒక ఫోను మోగుతోంది, ఇంకోటి చెవి దగ్గరుంది, కుడి చెయ్యి అంకెలు కొడుతోంది, కళ్ళు కాగితం మీదున్నాయి. చేతికేసి ఒక్కసారి కూడా చూడట్లేదు. ఆకువక్క నములుతూ ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని "నా బాబే, ఇంకెంతసేపు" అంటున్నారు. ఈయన నవ్వుతున్నారు! ఇంట్లో తొమ్మిది నెలల్లో చూడని నవ్వు. ఆ పెద్దాయనకి ఏదో జోకు కూడా వేశారు. నాకు కోపం రావాలి, రాలేదు. క్యారేజీ పెట్టేసి వచ్చేశాను.

బియ్యం సంచి సంగతి 23న అడిగాను. అక్క చెప్పిన తారీఖు ప్రకారం. అరగంట మాట్లాడారండి. సంచి దగ్గరకి తీసుకెళ్ళి వేలు పెట్టి మరీ చూపించారు. పిన్ని మాట నేను ఎత్తలేదు. ఆయనే లైటు ఆర్పాక అన్నారు, "పిన్నిగారితో ఆ రోజు ఇంకొంచెం నెమ్మదిగా చెప్పాల్సింది." ఏం చెప్పాల్సిందో మాత్రం ఆయనకీ తెలీదట. ఈసారి ఆ "తెలీదు" నిజమేననిపించింది. పిన్నికి నేను ఫోన్ చేసి ఈసీ సంగతి చెప్పాను. కొంచెం మెత్తబడింది. కొంచెమే.

పోయిన ఆదివారం మా పెళ్ళి చదివింపుల పుస్తకం బీరువా అడుగున దొరికింది. అటు వాళ్ళవీ ఇటు వాళ్ళవీ రెండు నోటుబుక్కులు. ఇప్పటిదాకా ఎవరూ కూడలేదు. రేపు వాళ్ళ ఇళ్ళల్లో శుభకార్యాలైతే మనం తిరిగి ఎంత చదివించాలో తెలియాలి కదా. "పన్ను పడుతుందేమో చూసి చెప్పండి" అన్నాను ఎగతాళికి. "పెళ్ళి కానుకలకి పన్ను లేదు, చదువు" అని లాప్‌టాప్ తెరిచారు. నేను పేరు, అంకె చదువుతుంటే ఆయన కొడుతున్నారు. 516, 1,116, 2,000, స్టీలు బిందె. బిందె అనగానే ఆగి, "ఎంతుంటుంది?" అన్నారు. మా అత్తయ్యగారు అవతలి గదిలోంచి "అది సొట్ట బిందె, 400 వేసుకోండి" అన్నారు. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఫోను మూడుసార్లు మోగింది. ఒకసారి ఎత్తలేదు.

చివరికి 116 రూపాయలు తేడా వచ్చింది. డబ్బు ఉంది, పేరు లేదు. సస్పెన్స్ అకౌంట్లో, అంటే ఎవరిదో తేలని డబ్బు రాసే ఖాతాలో పెట్టేద్దాం అన్నాను, ఆ మాట ఆయన ఫోనులో అంటుంటే విని నేర్చుకుని. ఒప్పుకోలేదు. పేరు రాయించకుండా చదివించి వెళ్ళినవాళ్ళు మండపేట వైపు వాళ్ళేనని ఆయన అంటారు. మా వైపు వాళ్ళు 116 చదివించరని నేను. ఇంకా తేలలేదు.